సాల్ గుమ్మాలు, ఫ్లష్ తలుపులు: సైటుకి మోసుకెళ్లడానికి ఏ చిత్రిక కొనాలి?

గుణుపూర్_తలుపులపని

అందరికీ నమస్కారం. మాది గుణుపూర్. ఇళ్ల కాంట్రాక్టర్ల దగ్గర గుమ్మాలు నిలబెట్టడం, తలుపులు, కిటికీలు బిగించడం నా పని. రాయగడ, పద్మపూర్, ఇటు పర్లాకిమిడి దాకా ఎక్కడ పిలిస్తే అక్కడికి బండి మీద సామాను కట్టుకుని వెళ్తాను.

ఇన్నాళ్లూ కరెంటు ప్లేనర్ ఒక్కదానితోనే నెట్టుకొచ్చాను. తలుపు అంచు పావంగుళం తగ్గించాలంటే దానికి మించింది లేదు. కానీ తలుపు బిగించేశాక పైమూల గుమ్మానికి రాసుకుంటుంది చూడండి, అక్కడ తీయాల్సింది వెంట్రుకవాసి. అక్కడ ప్లేనర్ పెడితే కావలసినదానికంటే ఎక్కువ తినేస్తుంది. అంచు మీద వరసగా సన్నటి గాట్లు కూడా మిగులుతాయి, రంగు వేశాక అవి ఇంకా బాగా కనపడతాయి. మేడ మీద గదులకి చాలాసార్లు కరెంటు ఉండదు, కింద నుంచి వైరు లాక్కోవాలి. మనుషులు కాపురం ఉంటున్న ఇంట్లో అయితే ఆ దుమ్ముకి మాట పడాలి.

అందుకని చేతి చిత్రిక ఒకటి కొందామనుకుంటున్నాను. ప్రస్తుతానికి ఒక్కటే. గుమ్మాలు ఎక్కువగా సాల్ అనే గట్టి చెక్క, తలుపులు 30, 35 మిల్లీమీటర్ల ఫ్లష్ డోర్లు, కాస్త ఖర్చు పెట్టేవాళ్లయితే టేకు. షాపులో 4 నంబరు, 5 నంబరు, చిన్న బ్లాక్ ప్లేన్ చూపించారు. ఇంకో సంగతి. సాల్ చెక్క మీద తెలిసినవాళ్ల చిత్రిక అడిగి పట్టి చూశాను. ఒకచోట నున్నగా వస్తుంది, పక్కనే జానెడు దూరంలో నార లేచిపోతుంది. అది చిత్రిక లోపమా, చెక్కే అంతా? తెలిసినవాళ్లు చెప్పండి.

రాయగడ_పాతమేస్త్రి

తమ్ముడూ, ఒక్కటే కొంటానంటే 5 నంబరు కొను. దాన్నే జాక్ ప్లేన్ అంటారు.

ముందు ఆ నంబర్ల సంగతి. అవి అమెరికాలో స్టాన్లీ కంపెనీ వరస. లెనార్డ్ బెయిలీ అనే ఆయన ఇనప చిత్రికలకి తీసుకున్న పేటెంట్లని ఆ కంపెనీ 1869లో కొనుక్కుంది. ఇంగ్లండ్‌లో రికార్డ్ కంపెనీ అయినా, మన దేశంలో అనంత్ కంపెనీ అయినా ఆ తర్వాత వచ్చినవాళ్లు చాలామంది అదే వరస పట్టుకున్నారు. 4 నంబరు పొడవు సుమారు 245 మిల్లీమీటర్లు, 5 నంబరు 355, 7 నంబరు 560. 4కీ 5కీ బ్లేడు వెడల్పు ఒకటే, రెండంగుళాలు. అంటే నువ్వు అదనంగా డబ్బు పెట్టేది చిత్రిక అడుగుభాగం పొడవుకి.

ఆ పొడవు ఎందుకంటే, తలుపు అంచు ఆరున్నర, ఏడడుగులు ఉంటుంది. దాని మీద కంటికి కనపడని మిట్టలు, పల్లాలు ఉంటాయి. పొట్టి చిత్రిక మిట్ట ఎక్కుతుంది, పల్లంలోకీ దిగుతుంది, రెండుచోట్లా పొట్టు తీస్తుంది. అంచు నున్నగా వస్తుంది గానీ తిన్నగా రాదు. పొడుగు చిత్రిక మిట్టల మీదే ఆనుకుని నడుస్తుంది, పల్లానికి బ్లేడు అందదు. అందుకే మొదట్లో పొట్టు ముక్కలు ముక్కలుగా వస్తుంది. తోస్తూ ఉంటే ఆ ముక్కలు పొడుగవుతాయి. చివరికి ఈ మూల నుంచి ఆ మూల దాకా తెగకుండా ఒకటే పొట్టు చుట్ట చుట్టుకుని వస్తుంది. అది వచ్చిందంటే అంచు దాదాపు తిన్నగా అయినట్టే, చివర్లో ఒకసారి మట్టంపట్టీ పెట్టి చూసుకో. ఆ పొట్టుని వేళ్ల మధ్య పెట్టి చూడు, మొదటి నుంచి చివరి దాకా ఒకటే పల్చన ఉంటుంది.

మరి 7 నంబరు ఇంకా మేలు కదా అంటావేమో. తిన్నదనానికి మేలే. కానీ మూడు కిలోల పైన బరువు, నీ సంచిలో పట్టదు, కిటికీ రెక్క మీద తిరగదు. ఇవి పోతపోసిన ఇనుము. మేడ మెట్ల మీద జారి సిమెంటు నేల మీద పడితే నోటి దగ్గర, అంటే అడుగున బ్లేడు బయటికి వచ్చే సందు దగ్గర పగులుతుంది. 5 నంబరు రెండు కిలోల చిల్లర, బండి మీద ఏ బెంగా లేదు.

ఇక సాల్ సంగతి. నార లేవడం ఆ చెక్క స్వభావం. సాల్ మానులో నార కొన్నేళ్లు ఒక పక్కకి వాలి పెరుగుతుంది, తర్వాత కొన్నేళ్లు రెండో పక్కకి వాలుతుంది. పలక కోసేసరికి ఆ పొరలు పక్కపక్కన పట్టీలుగా పడతాయి. ఒక పట్టీ మీద నువ్వు నార వెంట పోతున్నావు, పక్క పట్టీ మీద నారకి ఎదురు పోతున్నావు. పలక తిప్పి అటు నుంచి పట్టినా అంతే, లేచే పట్టీలు మారతాయి. నల్లమద్దీ ఇంతే. పైగా గట్టి చెక్క. ఆరిన టేకు ఘనపు మీటరు 650 కిలోల ప్రాంతంలో తూగితే సాల్ 850 దాటుతుంది.

దీనికి మందు చిత్రికలోనే ఉంది. బ్లేడు వీపున స్క్రూతో బిగించి ఇంకో ఇనప రేకు ఉంటుంది, క్యాప్ ఐరన్. దాని అంచు బ్లేడు పదునుకి ఎంత దగ్గరగా ఉందన్నదే అసలు సంగతి. టేకుకి ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర వెనక ఉన్నా నడుస్తుంది. సాల్‌కి అర మిల్లీమీటరు కంటే దగ్గరికి తేవాలి. వెలుతురులో పెట్టి చూస్తే రేకు ముందు బ్లేడు ఒక సన్నటి గీతలా మెరవాలి, అంతే. అప్పుడు లేస్తున్న పొట్టు లేచీ లేవకముందే రేకుకి తగిలి విరుగుతుంది. విరిగిన పొట్టుకి ముందున్న నారని పీకే బలం ఉండదు. లోతు బాగా తగ్గించు. తోయడం బరువనిపిస్తుంది, అడుగుకి కొవ్వొత్తి రుద్దుకో.

ఒక జాగ్రత్త. ఆ రేకు అంచు బ్లేడు మీద సందు లేకుండా కూర్చోవాలి. కొత్త చిత్రికల్లో చాలావాటికి కూర్చోదు. సందులో పొట్టు దూరి ఇరుక్కుంటుంది, రెండు తోపులకే నోరు మూసుకుపోతుంది. కొన్నవాడు చిత్రిక చెడ్డదని మూలన పడేస్తాడు. రేకు అంచుని సానరాయి మీద నాలుగు రుద్దులు రుద్దితే పోయేదానికి!

బరంపురం_చెక్కవర్క్‌షాప్

మేస్త్రిగారు చెప్పిందంతా నిజం. కానీ ప్రశ్న అడిగినాయన దగ్గర కరెంటు ప్లేనర్ ఉంది. తిన్నగా చేసే పనిలో సగం అది చూసుకుంటుంది. ఆయనకి ఇబ్బంది అవుతున్నది బిగించిన తలుపు పైమూల. అక్కడ రెండు కిలోల 5 నంబరుని రెండు చేతులతో, నిచ్చెన మీద నిలబడి పట్టడం కష్టం. నా మటుకు నేనైతే ముందు బ్లాక్ ప్లేన్ కొంటాను.

బ్లాక్ ప్లేన్ అరచేతిలో ఇముడుతుంది, ఒంటిచేత్తో పని. తలుపు బందుల మీద వేలాడుతుండగానే, కింద చెక్కముక్క దోపి కదలకుండా పెట్టి, పైమూల తీసేయొచ్చు. కొనేటప్పుడు లో యాంగిల్ రకం అడగండి. దాంట్లో బ్లేడు 12 డిగ్రీల వాలులో పడుకుని ఉంటుంది, సాన పట్టిన వైపు పైకి ఉంటుంది. 25 డిగ్రీలకి సాన పడితే చెక్కకి తగిలేది 37 డిగ్రీలు. మామూలు బ్లాక్ ప్లేన్ వాలు 20, అంటే 45 అవుతుంది. తలుపు పై అంచులో నిలువు పట్టీల కొసలు ఉంటాయి కదా, అక్కడ నారని అడ్డంగా తెంపాలి. ఆ పనికి 37 బాగా తెగుతుంది. సాల్ పలక పైముఖానికి మాత్రం అంత తక్కువ వాలు పనికిరాదు, నార ఇంకా లేస్తుంది.

పై అంచు తీసేటప్పుడు ఎప్పుడూ బయటి మూల నుంచి లోపలికి తొయ్యండి. ఒక వైపు నుంచి అవతల దాకా తోసుకుంటూ పోతే చివరి మూల చెక్క ఊడి చేతికొస్తుంది. అటు సగం, ఇటు సగం.

ఫ్లష్ డోర్లకి ఇంకో మాట. ప్లై పొరల మధ్య బంక గట్టిగా ఉంటుంది, పదును తొందరగా పోతుంది. మైకా అంటించిన అంచు అయితే చిత్రిక పెట్టకండి, ఆకురాయితో రాయండి. మైకా బ్లేడుని గాట్లు పెడుతుంది.

తలుపు వచ్చి కూర్చునే గుమ్మం గాడి వెడల్పు చేయాల్సి వస్తే 5 నంబరూ, బ్లాక్ ప్లేనూ రెండూ పనికిరావు. వాటి బ్లేడు పక్కగోడ దాకా రాదు, గాడి మూలలో మెట్టు మిగులుతుంది. దానికి రిబేట్ చిత్రికే కావాలి, 78 నంబరు లాంటిది. 30 మిల్లీమీటర్ల తలుపుకి గాడి తీసిన గుమ్మానికి ఇంటివాళ్లు తర్వాత 35 తలుపు తెచ్చిపెడితే అప్పుడు తెలుస్తుంది దాని విలువ. మా వర్క్‌షాపులో బల్లపలకలు అతికించడానికి 7 నంబరు వాడతాం. సైటుకి దాన్ని ఎప్పుడూ పంపను.

గుణుపూర్_తలుపులపని

ఇద్దరికీ చాలా థాంక్స్. క్యాప్ ఐరన్ సంగతి వింటే ఆశ్చర్యంగా ఉంది, ఆ రేకు బ్లేడుకి బలం కోసమే అనుకునేవాణ్ణి. నిన్న అదే అడిగి తెచ్చిన చిత్రికకి రేకు దగ్గరికి జరిపి ఒక సాల్ ముక్క మీద పట్టి చూశాను. పూర్తిగా ఆగలేదు గానీ బాగా తగ్గింది.

5 నంబరే తీసుకుందామని నిర్ణయానికి వచ్చాను. బ్లాక్ ప్లేన్ తర్వాత. ఇప్పుడు నా ముందు రెండు ఉన్నాయి. ఒకటి షాపులో కొత్తది. రెండోది పని మానేసిన ఒకాయన అమ్ముతున్న పాత ఇంగ్లండ్ రికార్డ్, కొంచెం తుప్పు ఉంది. ధరలో పెద్ద తేడా లేదు. ఏం చూసి తీసుకోవాలి? కొయ్య చిత్రికలు పూర్తిగా వదిలేయొచ్చా?

పర్లాకిమిడి_కొయ్యపని

కొయ్య చిత్రిక మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. వదిలేయకండి. మా ఇంట్లో ఇప్పటికీ తుమ్మ కొయ్యతో చేసుకున్నవే వాడుతున్నాం. సగం బరువు. నేల మీద పడితే పగలదు. కొయ్య అడుగు చెక్క మీద జారే తీరు ఇనుముకి కొవ్వొత్తి రాసినా రాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పలకలు చిత్రిక పట్టేవాడి భుజాలకి ఆ తేడా తెలుస్తుంది.

అయితే దాన్ని చూసుకోవాలి. వానాకాలంలో కొయ్య ఉబ్బుతుంది, అడుగు మెలి తిరుగుతుంది, ఏడాదికోసారైనా అడుగు సరిచేసుకోవాలి. నోరు అరిగి వెడల్పయితే అక్కడ గట్టి చెక్క ముక్క పొదగాలి. లోతు మార్చడానికి చక్రం ఉండదు. బ్లేడు తల మీద సుత్తితో మెల్లగా తడితే దిగుతుంది, చిత్రిక వెనక కొడితే పైకి వస్తుంది, ఆ తర్వాత బిగింపు చెక్కని తట్టాలి. చేతికి అలవాటైతే క్షణం పని. సాల్‌కి మాత్రం నేనూ ఇనప చిత్రికే తీస్తాను. మా పాతవాటికి క్యాప్ ఐరన్ లేదు, ఒంటి బ్లేడే.

రాయగడ_పాతమేస్త్రి

పర్లాకిమిడి ఆయన సరిగ్గా చెప్పారు. తమ్ముడు ఒక్కటే మోసుకెళ్లాలి, పైగా సాల్ మీద పని కాబట్టి నేను ఇనుము అన్నాను.

పాత రికార్డ్ అయితే ముందు బ్లేడు బయటికి తీసి వీపు చూడు. పై తుప్పు ఎంత ఉన్నా కిరోసిన్, ఎమెరీతో పోతుంది. కానీ పదును దగ్గర, నున్నటి వైపు, తుప్పు తిని గుంటలు పడితే ఆ బ్లేడు పనికిరాదు. గుంట అంచుకి వచ్చిన ప్రతిచోటా పదును తెగిపోయి ఉంటుంది. కొత్త బ్లేడు ఖర్చు ధరలో తగ్గించమని అడుగు. తర్వాత నోటికి రెండు పక్కలా, పక్కగోడల మీద పగులు ఉందేమో గోరుతో గీరి చూడు. పగులుంటే వదిలేసి వచ్చేయ్, ఊరికే ఇచ్చినా వద్దు. బ్లేడు ఇంకా ఎంత పొడవు మిగిలిందో చూడు. వెనక కొయ్యపిడి విరిగినా పర్వాలేదు, మనం వడ్రంగులం, చేసుకుంటాం.

కొత్తదైతే షాపు గాజు కౌంటరు మీద బ్లేడు లోపలికి లాగి పెట్టు. నాలుగు మూలలా వేలితో నొక్కు, టకటకా ఆడితే ఇంకోటి తీయమను. స్టీలు స్కేలు అడుగు మీద నిలువుగా పెట్టి వెలుతురుకి చూడు. ముందు కొస, నోటికి ముందున్న చోటు, వెనక కొస, ఈ మూడూ ఒకే మట్టంలో ఉంటే చాలు. మధ్యలో మిగతా చోట కాస్త పల్లం ఉన్నా పనికేమీ కాదు. కానీ నోటి ముందు పల్లం ఉంటే సాల్ మీద నార ఆగదు, ఎందుకంటే పొట్టు లేచే చోట చెక్కని నొక్కి పట్టేది అదే. బ్లేడు కూర్చునే వాలు ఇనుముని ఫ్రాగ్ అంటారు. బ్లేడు దాని మీద ఊగకూడదు. ఇత్తడి చక్రం తిప్పితే కొంత ఖాళీగా తిరగడం మామూలే. ఒకటి రెండు చుట్లు తిరిగినా బ్లేడు కదలకపోతే వద్దు.

పాతది పగుళ్లు లేకుండా, బ్లేడు బాగుంటే నేను పాతదే తీసుకుంటాను. కొత్తదైనా, పాతదైనా అడుగు ఒకసారి సరిచేసుకోవాల్సిందే. మందపాటి అద్దం మీద 80 నంబరు ఎమెరీ పరిచి, అడుగుకి పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి రుద్దు. బ్లేడు లోపలికి లాగి, అన్నీ బిగించి ఉంచే రుద్దాలి, ఆ బిగింపుకే అడుగు కొంచెం వంగుతుంది. నేను చెప్పిన మూడు చోట్లా గీతలు చెరిగాయంటే ఆపెయ్.

తలుపు అంచు గురించి కూడా చెప్పేస్తాను, చాలామంది ఇక్కడే ఇబ్బంది పడుతున్నారు. తాళం వైపు అంచుని నిటారుగా కొట్టకు. గుమ్మంలోకి ముందు దూరే ముఖం వైపు రెండు మూడు డిగ్రీల వాలు ఇవ్వు. 35 మిల్లీమీటర్ల తలుపుకి అది ఒకటిన్నర మిల్లీమీటర్లు. బందుల నుంచి చూస్తే ఆ మూలే అన్నిటికంటే దూరం, తిరిగేటప్పుడు గుమ్మానికి మొదట తగిలేది అదే. వాలు ఇస్తే బయటికి సందు మూడు మిల్లీమీటర్లు మించకుండా కనపడుతుంది, తలుపు మాత్రం రాసుకోదు. చిత్రికని కాస్త ఒరగబెట్టి నాలుగు తోపులు తోస్తే వచ్చేస్తుంది. కరెంటు ప్లేనర్‌తో ఈ వాలు ఇంత సన్నగా కుదరదు, నేనైతే ఎవరి దగ్గరా చూడలేదు.

శ్రావణంలో తలుపు పట్టేసిందని పిలిస్తే కొట్టేయడానికి తొందరపడకు. ముందు తలుపు పై అంచు, కింది అంచు తడిమి చూడు. అక్కడ రంగు ఉండదు. పెయింటర్లు ముఖాలకి రెండు కోట్లు వేసి ఆ రెండు అంచులూ వదిలేస్తారు. చెమ్మ లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. ఉబ్బిన తలుపుని వానల్లో బాగా కొట్టేస్తే వేసవికి వేలు పట్టేంత సందు పడుతుంది, ఆ మాట నీ మీదికే వస్తుంది. రాసుకున్నంత మేరకే తీసి, తలుపు ఆరాక నాలుగు అంచులకీ సీలర్ పట్టించమని ఇంటివాళ్లకి గట్టిగా చెప్పు. బిగించే రోజే నువ్వే పట్టించేస్తే ఇంకా మంచిది.

గుణుపూర్_తలుపులపని

అన్నా, రికార్డ్‌దే ఖాయం చేశాను. పగుళ్లు లేవు, బ్లేడు వీపు మీద గుంటలు లేవు. ఆఖరి ప్రశ్న. సాన దేని మీద పట్టాలి? నా దగ్గర మామూలు కార్బొరండం రాయి ఒక్కటే ఉంది, ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు. సాల్ మీద ఇంకా అక్కడక్కడా లేచే నారకి ఏమైనా ఉందా?

రాయగడ_పాతమేస్త్రి

ఆ రాయి చాలు తమ్ముడూ. గరుకు వైపు 25 డిగ్రీలకి వాలు పట్టు, నునుపు వైపు కొంచెం ఎత్తి 30కి. వీపు వైపు వేలు పెడితే సన్నటి మడత తగలాలి, అంచు పొడవునా తగలాలి. తగిలాక వీపుని రాయి మీద పూర్తిగా పడుకోబెట్టి ఆ మడత తీసెయ్. తర్వాత అద్దం ముక్క మీద 1500 నంబరు వాటర్ పేపరు తడిపి పరిచి రెండు వైపులా నాలుగేసి రుద్దులు. టేకులో సిలికా ఉంటుంది, పదును తినేస్తుంది. టేకు పని ఉన్న రోజు ఆ అద్దం ముక్క సంచిలో పెట్టుకుని వెళ్లు, మధ్యాహ్నం భోజనం ముందు ఒకసారి పట్టుకో. రాయి మధ్యలో పల్లం పడితే బ్లేడు అంచు కూడా వంపు తిరుగుతుంది. నేల మీద ఇసుక, నీళ్లు పోసి రాయిని రుద్ది మట్టం చెయ్.

మొండి సాల్ పలకకి ఇంకో బ్లేడు విడిగా పెట్టుకో. దాని వీపు వైపు, పదును దగ్గర మాత్రం, ఐదారు డిగ్రీల సన్నటి వాలు పట్టు. చిత్రికలో బ్లేడు వాలు 45, అది 50, 51 అవుతుంది. నార లేవడం ఇంకా తగ్గుతుంది. తోయడం ఇంకా బరువవుతుంది, అందుకే రోజూ వాడే బ్లేడుకి ఇది చేయకు. అప్పటికీ రెండు మూడు చోట్ల మిగిలితే పాత రంపపు బ్లేడు ముక్క అంచు తిన్నగా ఆకురాయితో రాసి, దాంతో గీకెయ్. పాతవాళ్లు గాజుపెంకుతో గీకేవాళ్లు, అదీ పని చేస్తుంది, చేతికి గుడ్డ చుట్టుకో. సాయంత్రం చిత్రిక సంచిలో పెట్టేముందు కుట్టుమిషను నూనె గుడ్డతో అడుగు తుడువు. కొబ్బరినూనె వద్దు, జిగురు కడుతుంది.